బూజు పట్టిన కాసు: ఒక అరుదైన జర్మన్ ఇంటిపేరు వెనక ఏముంది?

జర్మనీలో అపార్ట్‌మెంట్ల గుమ్మం దగ్గర ఉండే కాలింగ్ బెల్ బోర్డు మీద సాధారణంగా ఫ్లాట్ నంబర్లు ఉండవు. ఇంటిపేర్లు ఉంటాయి. పోస్ట్‌మ్యాన్ కూడా ఆ పేరు చూసుకునే ఉత్తరం వేస్తాడు. అందుకే అక్కడికి చదువుకోడానికి వెళ్ళిన మన పిల్లలకు రూమ్ దొరకగానే సీనియర్లు చెప్పే మాటల్లో ఒకటి, "ముందు బెల్ మీదా, పోస్ట్‌బాక్స్ మీదా నీ పేరు అంటించు" అని.

ఆ బోర్డుల మీద ఎక్కువగా కనబడేవి ముల్లర్, ష్మిట్, ష్నైడర్, ఫిషర్, వేబర్. మర ఆడించేవాడు, కమ్మరి, దర్జీ, చేపలు పట్టేవాడు, నేతగాడు. మన ఇంటిపేర్లలో ఊళ్ళ పేర్లు కొల్లలుగా ఉంటే, జర్మన్ల జాబితాలో పైవరసంతా వృత్తులదే. వాటి మధ్య ఎప్పుడో ఒకసారి షిమ్మెల్‌ప్ఫెన్నిగ్ అని ఒక పేరు తగులుతుంది. జర్మన్ కొత్తగా నేర్చుకున్నవాళ్ళు కూడా దాన్ని రెండు ముక్కలు చేసి చదవగలరు. షిమ్మెల్ అంటే బూజు. ప్ఫెన్నిగ్ అంటే చిల్లర నాణెం, మన కాసు లాంటిది. కలిపితే బూజు పట్టిన కాసు.

ఇలాంటి పేరు ఒక కుటుంబానికి ఎలా వచ్చింది? ఎవరు పెట్టారు? ఆరేడు వందల ఏళ్ళుగా దాన్ని మార్చుకోకుండా ఎందుకు మోస్తున్నారు? ఇంటర్నెట్‌లో వెతికితే "అర్థం: పిసినారి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ జవాబు తప్పు కాదు. కానీ ఈ పేరులో ఉన్న చరిత్రలో అది వందోవంతు కూడా కాదు.

జర్మన్ మాట్లాడే ప్రాంతాల్లో మొదట్లో ఇంటిపేర్లు లేవు. ఒక మనిషికి ఒక పేరు, అంతే. పన్నెండో శతాబ్దం నుంచి కొలోన్ లాంటి రైన్ నది ఒడ్డు నగరాల్లో జనం పెరిగారు. ఆస్తుల పత్రాలు, పన్నుల చిట్టాలు పెరిగాయి. పేర్లు మాత్రం పెరగలేదు. ఎటు చూసినా హైన్రిష్‌లు, కోన్రాడ్‌లు, యోహానెస్‌లే. ఇప్పటికీ జర్మన్‌లో "హింజ్, కుంజ్" అంటే ఎల్లయ్య, పుల్లయ్య అన్నట్టు. ఆ రెండూ హైన్రిష్, కోన్రాడ్‌లకు ముద్దుపేర్లే. ఒకే వీధిలో నలుగురు హైన్రిష్‌లుంటే గుమాస్తా ఏం చేస్తాడు? పక్కన ఒక గుర్తు రాసుకుంటాడు. కమ్మరి హైన్రిష్, ఫలానా ఊరి హైన్రిష్, పేటర్ కొడుకు హైన్రిష్. ఈ మూడూ కుదరకపోతే, ఊరంతా అతన్ని వెనకాల ఏమని పిలుచుకుంటుందో అదే రాస్తాడు.

షిమ్మెల్‌ప్ఫెన్నిగ్ ఆ నాలుగో రకం. ఎంగిలి చేత్తో కాకిని తోలని ఒక పెద్దమనిషి ఉన్నాడనుకోండి. అతని సంచిలో పడిన కాసు మళ్ళీ వెలుతురు చూడదు, అక్కడే బూజు పడుతుంది అని ఇరుగుపొరుగు ఎగతాళి చేసి ఉంటారు. ఆ ఎగతాళి రికార్డులోకి ఎక్కింది. అతని కొడుకు రెండు చేతులా ఖర్చు పెట్టేవాడే అయినా, తండ్రి ఆస్తి తనదని చెప్పుకోవాలంటే ఆ పేరు వదులుకోలేడు. ఇంటిపేరుగా స్థిరపడటమంటే అదే. పేరు పుట్టింది ఒక్క మనిషి గురించి, అదీ అతని పొరుగువాళ్ళ నోట. ఆ తర్వాత పుట్టిన వాళ్ళెవరి గురించీ అది ఏమీ చెప్పదు.

లోహపు నాణేనికి బూజు పట్టడమేంటి అని అనుమానం రావచ్చు. ఇక్కడ కాస్త ఆగి ఆ నాణెం సంగతి చూడాలి, ఎందుకంటే ఈ పేరులోని వెటకారం మొత్తం అందులోనే ఉందని నా నమ్మకం. ఎనిమిదో శతాబ్దం చివర్లో షార్లమేన్ చక్రవర్తి చేసిన ఏర్పాటు ప్రకారం ఒక పౌండు వెండికి 240 ప్ఫెన్నిగ్‌లు. కొన్ని శతాబ్దాల పాటు సామాన్యుడి చేతిలో ఆడిన నాణెం దాదాపుగా ఇదొక్కటే. పన్నెండో శతాబ్దానికి జర్మనీలో చాలాచోట్ల అది ఎంత పలచబడిందంటే, ముద్ర ఒక వైపే వేసేవారు. రెండో వైపు అదే బొమ్మ గుంటలుగా కనిపించేది. మ్యూజియంలో అద్దం వెనక అలాంటివి చూస్తే ఉల్లిపొర లాంటి వెండిరేకులా ఉంటాయి. వేళ్ళ మధ్య గట్టిగా నొక్కితే వంగిపోయేంత సన్నం.

అసలు విశేషం వేరే ఉంది. ఆ నాణేలను ముద్రించే హక్కున్న ప్రభువులు, బిషప్పులు కొన్నాళ్ళకోసారి పాత నాణేలు చెల్లవని ప్రకటించేవారు. జనం పాతవి తెచ్చి కొత్తవి తీసుకోవాలి. చాలాచోట్ల పాతవి నాలుగిస్తే కొత్తవి మూడే ఇచ్చేవారు. మిగిలింది ప్రభువు ఆదాయం. మాగ్డెబుర్గ్‌లో ఆర్చిబిషప్ విఖ్‌మన్ కాలంలో, అంటే 1152 నుంచి 1192 మధ్య, ఈ మార్పిడి ఏడాదికి రెండుసార్లు జరిగే స్థాయికి వెళ్ళింది. పాత నోట్ల మార్పిడి కోసం బ్యాంకుల ముందు క్యూలో నిలబడ్డ మనకు ఆ టెన్షన్ కొత్తగా చెప్పక్కర్లేదు. అలాంటి చోట డబ్బు దాచుకోవడమంటే ఊరికే నష్టపోవడం. తెలివైనవాడు చేతిలో కాసు పడగానే సరుకు కొంటాడు, లేదా అప్పుకి తిప్పుతాడు. ఆ పద్ధతి సాగిన ఊళ్ళలో సంచి మూతి కట్టేసి కూర్చునేవాడు పిసినారి మాత్రమే కాదు, లోకం తీరు తెలియనివాడు కూడా. బూజు పట్టిన కాసు అనే మాటలో ఆ రెండు దెప్పిపొడుపులూ ఉన్నాయని నేను చదువుకుంటాను.

షిమ్మెల్ అనే మాటకు ఇప్పటి జర్మన్‌లో ఇంకో అర్థం కూడా ఉంది. తెల్ల గుర్రం. కాబట్టి ఇది గుర్రం బొమ్మ ఉన్న నాణెమేమో అని ఎవరికైనా తోచడం సహజం. లోయర్ సాక్సనీ రాష్ట్ర చిహ్నం తెల్ల గుర్రమే కావడంతో ఆ ఊహకు బలం కూడా వస్తుంది. కానీ గుర్రాన్ని అలా పిలవడం బూజు రంగులో ఉంటుందనే పోలిక మీద వచ్చిన వాడుక, అదీ మధ్యయుగం చివరి రోజుల్లో. అంతకంటే పెద్ద ఆధారం ఈ పేరుకున్న తోబుట్టువులు. వూఖర్‌ప్ఫెన్నిగ్ అని ఒక ఇంటిపేరుంది, వడ్డీ కాసు అని అర్థం. రేడెప్ఫెన్నిగ్ అంటే రొక్కం, చేతిలో సిద్ధంగా ఉన్న కాసు. ప్ఫెన్నిగ్‌వెర్ట్ అంటే కాసు విలువ చేసేది. వీటిలో ఏదీ నాణెం మీది బొమ్మ గురించి కాదు. అన్నీ మనిషికీ డబ్బుకీ మధ్య ఉన్న సంబంధం గురించే. షిమ్మెల్‌ప్ఫెన్నిగ్‌ను ఆ వరసలో నిలబెడితే దాని చోటు దానికి చక్కగా కుదురుతుంది. ఒక అరుదైన పేరుకి అర్థం వెతికేటప్పుడు నిఘంటువు కంటే ముందు ఇలా దాని బంధువులను పోగేయడమే మంచి పద్ధతి.

ఇక స్పెల్లింగులు. నాకు ఈ పేరులో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. జర్మన్ భాష ఉత్తరాన ఒకలా, దక్షిణాన ఒకలా ఉంటుంది. వెయ్యేళ్ళకు పైగా కిందట దక్షిణాన 'ప' కాస్తా 'ప్ఫ' అయింది, ఉత్తరాన 'ప' గానే మిగిలింది. అందువల్ల దక్షిణాన ప్ఫెన్నిగ్, ఉత్తరాన పెన్నింగ్. తూర్పు మధ్య జర్మనీలో మాట మొదట్లో వచ్చే 'ప్ఫ' పూర్తిగా 'ఫ' అయిపోయి ఫెన్నిగ్ అయింది. హెస్సే వైపు మాట కుదించుకుపోయి ప్ఫెంగ్ అయింది. కాబట్టి ఒకే ఎగతాళికి నాలుగైదు రూపాలు: షిమ్మెల్‌ప్ఫెన్నిగ్, షిమ్మెల్‌పెన్నింగ్, షిమ్మెల్‌ఫెన్నిగ్, షిమ్మెల్‌ప్ఫెంగ్, ఇంకా నెదర్లాండ్స్‌లో షిమ్మెల్‌పెనింక్. డచ్చివాళ్ళు షిమ్మెల్‌ను స్ఖిమ్మెల్ అని పలుకుతారు, రాత మాత్రం అదే.

ఈ డచ్ రూపం చివర ఉన్న 'ఇంక్' చూడండి. ఈ మాట పాత రూపం ప్ఫెన్నింగ్. ఒకే మాటలో 'న' రెండుసార్లు రావడంతో జర్మన్‌లో రెండోది జారిపోయి ప్ఫెన్నిగ్ అయింది. రాజుకి కోనిగ్, తేనెకి హోనిగ్ అనే జర్మన్ మాటల్లోనూ ఇదే జరిగింది. డచ్ ఇంటిపేరు మాత్రం ఆ పాత చప్పుడును ఇప్పటికీ పట్టుకుని ఉంది.

పూర్వం ఒకే కుటుంబం పేరును ఒక్కో ఫాదరీ ఒక్కోలా రాసేవాడు, చెవికి ఎలా వినిపిస్తే అలా. 1876 జనవరి 1 నుంచి జర్మనీ అంతటా పుట్టుక, పెళ్ళి, చావు నమోదు చర్చి నుంచి ప్రభుత్వ ఆఫీసుకు మారింది. ఆ రోజుల్లో రిజిస్టర్‌లో ఏ స్పెల్లింగ్ పడితే అదే ఖాయమైంది. రెండు వేర్వేరు పేర్లుగా ఇప్పుడు కనిపించేవి నిజానికి ఒకే ఇంటివి కావచ్చు. అలాగే ఒకే స్పెల్లింగ్ ఉన్న ఇద్దరికి ఏ చుట్టరికమూ లేకపోవచ్చు, ఎందుకంటే పిసినారులు ఒక్క ఊళ్ళోనే లేరు. ఎగతాళి పేర్లు ఎక్కడికక్కడ విడిగా పుట్టగలవు.

ఈ పేరు మోసిన వాళ్ళలో ముగ్గురి గురించి చెప్పాలి. రుట్గర్ యాన్ షిమ్మెల్‌పెనింక్ 1761లో డచ్ పట్టణం డెవెంటర్‌లో పుట్టాడు. వృత్తి రీత్యా లాయరు. 1802లో బ్రిటన్, ఫ్రాన్స్‌ల మధ్య కుదిరిన అమియాఁ శాంతి ఒప్పందంలో డచ్చివారి తరఫున సంతకం పెట్టాడు. 1805లో నెపోలియన్ ఒత్తిడితో నెదర్లాండ్స్ పాలనాధినేత అయ్యాడు. మరుసటి ఏడాదే నెపోలియన్ తన తమ్ముడు లూయీని రాజుగా తెచ్చి కూర్చోబెట్టడంతో దిగిపోయాడు. ఆ ఏడాదికి పైచిలుకు పాలనలోనే ఆర్థికమంత్రి గోగెల్ దేశమంతటికీ ఒకే పన్నుల విధానం తెచ్చాడు. అంతవరకు ఒక్కో ప్రాంతానికి ఒక్కో లెక్క. బూజు పట్టిన కాసు అనే పేరున్న మనిషి హయాంలో ఒక దేశపు ఖజానా గాడిలో పడటం నాకు చాలా బాగా అనిపిస్తుంది.

రెండోవాడు అలెగ్జాండర్ షిమ్మెల్‌ఫెన్నిగ్. 1824లో అప్పటి జర్మన్ రాజ్యం ప్రష్యాలో పుట్టి, సైన్యంలో చేరి, జర్మనీలో జరిగిన 1849 తిరుగుబాటులో ప్రజాస్వామ్యవాదుల పక్షాన నిలిచాడు. తిరుగుబాటు ఓడిపోయింది. దేశం వదిలి చివరికి అమెరికా చేరాడు. అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యంలో జనరల్ అయ్యాడు. లింకన్ అతన్ని కేవలం పేరు చూసే ఎంచుకున్నాడని ఒక కథ ఉంది. అంత గట్టిగా జర్మన్‌లా వినిపించే పేరు జాబితాలో ఉంటే జర్మన్ వలసదారులంతా మన వెంట వస్తారని, యుద్ధమంత్రి స్టాంటన్ వద్దన్నా వినలేదని చెబుతారు. వినడానికి బాగుంటుంది కానీ నాకు నమ్మకం కుదరదు. 1862 నవంబరులో జనరల్ హోదా వచ్చేనాటికి అతను ఏడాదికి పైగా పెన్సిల్వేనియా 74వ రెజిమెంటుకు కర్నల్‌గా ఉన్నాడు, యుద్ధాలు చూశాడు. అతని అర్హతను పేరు మింగేసింది, అంతే.

1863 జులై 1న గెటిస్‌బర్గ్‌లో ఉత్తరాది సైన్యం వెనక్కి తగ్గుతూ ఊళ్ళోంచి పరుగెడుతుంటే అతను ఒక సందులో చిక్కుకుపోయాడు. కంచె దూకి గార్లాక్ అనే కుటుంబం పెరట్లో పడ్డాడు. ముందు ఒక తూములో, తర్వాత కట్టెల మోపులకీ పందుల దొడ్డికీ మధ్య ఇరుకులో దాక్కున్నాడు. ఆ ఇంటావిడ పందులకు కుడితి పోస్తున్నట్టు వెళ్ళి అతనికి తిండి ఇచ్చి వచ్చింది. 4వ తేదీన శత్రువులు ఊరు ఖాళీ చేశాక బయటికి వచ్చాడు. ఆ సంఘటన పట్టుకుని అప్పటి పత్రికలు జర్మన్ సైనికులందరినీ పిరికివాళ్ళుగా చిత్రించాయి. అదే మనిషి 1865 ఫిబ్రవరిలో చార్ల్‌స్టన్ నగరం లొంగుబాటును స్వీకరించాడు. ఆ సెప్టెంబరులోనే క్షయతో చనిపోయాడు.

మూడో ఆయన విల్‌హెల్మ్ షిమ్మెల్‌ప్ఫెంగ్. 1872లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక సంస్థ పెట్టాడు. ఫలానా వ్యాపారికి అప్పు ఇస్తే తిరిగొస్తుందా అని వాకబు చేసి చెప్పడం దాని పని. ఇప్పుడు మనం క్రెడిట్ స్కోర్ అంటున్నామే, దానికి తాతల కాలం నాటి రూపం. ఆ వ్యాపారంలో అతని ఇంటిపేరే బ్రాండ్ అయి కూర్చుంది.

ఇలాంటి పేర్ల గురించి ప్రచారంలో ఉన్న కొన్ని పొరపాట్లు కూడా సరిచేయాలి. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఆస్ట్రియాలో, తర్వాత జర్మన్ రాజ్యాల్లో యూదులు స్థిరమైన ఇంటిపేర్లు పెట్టుకోవాలని చట్టాలు వచ్చాయి. ఆస్ట్రియాలో 1787లో, ప్రష్యాలో 1812లో. అధికారులు కావాలని కొందరికి అవమానకరమైన పేర్లు తగిలించారనే కథలు చాలా ఉన్నాయి. దాంతో డబ్బు గురించి ఎగతాళిగా వినిపించే ప్రతి జర్మన్ పేరునూ యూదుల పేరు అనేసే అలవాటు కొందరికి ఏర్పడింది. షిమ్మెల్‌ప్ఫెన్నిగ్ అంతకు ఎన్నో తరాల ముందే క్రైస్తవ రైతుల్లో, పట్టణవాసుల్లో పాతుకుపోయిన పేరు. డబ్బుకీ యూదులకీ ముడిపెట్టే పాత ద్వేషమే ఈ అపోహకు ఎరువు, అందుకే దీన్ని చూసీచూడనట్టు వదిలేయకూడదు.

అమెరికాలో ఓడ దిగిన వలసదారులను తనిఖీ చేసే ఎల్లిస్ ఐలాండ్ అధికారులు వాళ్ళ పేర్లు మార్చేశారన్నది ఇంకో కథ. అక్కడి గుమాస్తాలు ఓడ బయలుదేరిన రేవులో రాసిచ్చిన జాబితాతో పేర్లు సరిచూసుకునేవారు, కొత్తగా పెట్టేవారు కాదు. హాంబుర్గ్, బ్రేమెన్ రేవుల్లో ఆ జాబితా రాసేవాడికి ఇలాంటి పేర్లు బాగా తెలుసు. పేర్లు మారడం తర్వాత జరిగింది, ఎక్కువగా సొంత ఇష్టంతో, పొరుగువాళ్ళకు నోరు తిరగక. ఇక ఇంటిపేరు చెబితే చాలు వంశచిహ్నం ప్రింట్ చేసి అమ్ముతామనే వెబ్‌సైట్లున్నాయి. చిహ్నం ఒక నిర్దిష్ట కుటుంబశాఖకు చెందుతుంది, ఇంటిపేరుకి కాదు. డబ్బు దండగ.

మరి ఈ పేరు ఎంతమందికి ఉంది? జర్మనీలో ఇంటిపేర్ల లెక్క ల్యాండ్‌లైన్ ఫోన్ల జాబితాల నుంచి తీస్తారు. మైన్జ్‌లోని సాహిత్య, విజ్ఞాన అకాడమీ ఆధ్వర్యంలో 2012లో మొదలైన డిజిటల్ ఇంటిపేర్ల నిఘంటువుకు ఆధారం 2005 నాటి టెలిఫోన్ కనెక్షన్లు. సెల్‌ఫోన్లు వచ్చి ఇళ్ళలో ఫోన్లు తీసేయకముందు తీసిన చివరి మంచి ఫొటో అనుకోవచ్చు. ఒక కనెక్షన్ అంటే ఒక ఇల్లు కాబట్టి, మనుషుల సంఖ్య కావాలంటే దాన్ని హెచ్చించాలి. ఆ లెక్కలో జర్మనీలో సుమారు 8.5 లక్షల రకాల ఇంటిపేర్లు తేలాయి. ముల్లర్‌లు లక్షల్లో ఉంటారు. మన పేరు ఆ దరిదాపుల్లో ఉండదు. అయినా అంతరించిపోయే స్థితిలో లేదు. గోట్టింగెన్‌లో 1967లో పుట్టిన నాటక రచయిత రోలాండ్ షిమ్మెల్‌ప్ఫెన్నిగ్ పుణ్యమా అని థియేటర్ పోస్టర్ల మీద తరచూ కనిపిస్తుంది కూడా. నిజంగా అరుదైనవి దాని పక్క రూపాలు, ముఖ్యంగా 'ఫెన్నిగ్' తో ముగిసేది.

ఫోన్ జాబితాతో మ్యాప్ గీస్తే ఇంకో చిక్కు ఎదురవుతుంది. 1945లో రెండో ప్రపంచయుద్ధం ఓడిపోయాక జర్మనీ తూర్పు ప్రాంతాలైన తూర్పు ప్రష్యా, సైలీషియా, పొమెరేనియాల నుంచి, తూర్పు యూరప్ నుంచి సుమారు 1.2 కోట్ల మంది జర్మన్లు వెళ్ళగొట్టబడి పడమటికి వచ్చారు. అక్కడ ఒకే జిల్లాలో గుంపుగా ఉన్న పేర్లు ఇక్కడ దేశమంతా చెదిరిపోయాయి. ఇప్పటి మ్యాప్‌లో పడమటనున్న రూర్ బొగ్గుగనుల ప్రాంతంలో ఒక పేరు దట్టంగా కనిపిస్తే, అది అక్కడ పుట్టిందని కాదు. గనుల్లో పనికి వెళ్ళిన వాళ్ళదో, యుద్ధం తరిమితే వచ్చిన వాళ్ళదో కావచ్చు. అందుకే అనుభవమున్నవాళ్ళు యుద్ధానికి ముందటి ఫోన్ పుస్తకాలు, అంతకుముందటి చర్చి రిజిస్టర్లు పక్కన పెట్టుకుని చూస్తారు. ఆ రిజిస్టర్లు ఇప్పుడు చాలావరకు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ప్రొటెస్టెంట్ చర్చిలవి ఆర్కియోన్ సైట్‌లో, కాథలిక్ చర్చిలవి మట్రికులా సైట్‌లో.

అరుదైన పేర్లు నిలబడతాయా అన్నది పాత ప్రశ్నే. 1874లో ఫ్రాన్సిస్ గాల్టన్, హెన్రీ వాట్సన్ ఇంగ్లండ్‌లో దీన్ని గణిత సమస్యగా పెట్టారు. పేరు తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వెళ్తే, కొడుకులు పుట్టని ప్రతి ఇంటా ఒక కొమ్మ ఆగిపోతుంది. కొద్ది ఇళ్ళే ఉన్న పేరుకి అది ప్రాణాంతకం. జర్మనీలో 1976 వరకు పెళ్ళైతే భార్య భర్త పేరు తీసుకోవలసిందే. ఆ ఏడాది భార్య పేరును కూడా కుటుంబం పేరుగా ఎంచుకునే వీలు వచ్చింది, కానీ ఇద్దరికీ ఏకాభిప్రాయం కుదరకపోతే భర్త పేరే ఖాయం. ఆ నిబంధనను 1991లో రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది.

పేరు నచ్చనివాళ్ళు మార్చుకోవచ్చు, అయితే సరైన కారణం చూపాలి. ఇప్పటికీ ఆధారమైన చట్టం 1938 నాటిది, నాజీల కాలంలో వచ్చింది. ముల్లర్‌లా మరీ ఎక్కువమందికి ఉన్న పేరైతే మార్పుకి ఒప్పుకుంటారు. వినడానికి నవ్వొచ్చే, నామోషీగా ఉండే పేరైనా ఒప్పుకుంటారు. అంటే బూజు పట్టిన కాసు అని పిలిపించుకునేవాళ్ళు కావాలంటే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇన్ని తరాలుగా చాలామంది పెట్టుకోలేదు. 2025 మే 1 నుంచి ఇంకో మార్గం కూడా తెరుచుకుంది. దంపతులిద్దరూ తమ పేర్లను జంటగా కలిపి ఒకే కుటుంబం పేరుగా పెట్టుకుని, దాన్నే పిల్లలకూ ఇవ్వవచ్చు. షిమ్మెల్‌ప్ఫెన్నిగ్ ఇంటి ఆడపిల్ల ముల్లర్ ఇంటి అబ్బాయిని చేసుకున్నా, ఇకమీదట బెల్ బోర్డు మీద చోటు సరిపోయినంతవరకు రెండు పేర్లూ ఉండొచ్చు.